ఈ-శ్రమ్ కార్డు చేయించుకోవచ్చా? చేయించుకోండి, కానీ...

సెంట్రింగ్ పనికి వెళ్లే మా బావకి, ఆయనతో పాటు సైటులో ఉండే ఇంకొందరికి దగ్గరుండి చేయించాను కాబట్టి రాస్తున్నా.

ఈ-శ్రమ్ అంటే అసంఘటిత కూలీల పేర్లు కేంద్రం నమోదు చేసుకునే పోర్టల్. కొత్తగా నమోదు చేసుకోవడానికి పైసా కట్టక్కర్లేదు. 16 నుంచి 59 ఏళ్ల మధ్య ఉండి పీఎఫ్, ఈఎస్ఐ లేని, ఇన్‌కంటాక్స్ కట్టని కూలీ ఎవరైనా చేసుకోవచ్చు. ఆధార్‌కి లింకైన ఫోన్ నంబరు ఉంటే కాసేపట్లో 12 అంకెల నంబరు వచ్చేస్తుంది. ఆ ఫోన్ నంబరే ఉండదు, అదీ చిక్కు! పనికోసం ఊరు మారినప్పుడల్లా సిమ్ మార్చేసేవాళ్లకి ఓటీపీ ఎప్పుడో పారేసిన నంబరుకి పోతుంది, అప్పుడిక సెంటర్‌కి వెళ్లి వేలిముద్ర వేయాలి. సిమెంటులో నానే చేతులకి గీతలెక్కడ మిగులుతాయండీ, మా బావ కుడిచేతి వేళ్లు ఒక్కటీ మెషీన్ తీసుకోలేదు, చివరికి ఎడమచేతి ఉంగరపు వేలు పట్టింది. మేం వెళ్లిన చోట డబ్బులు కూడా అడిగారు, ఉచితం కదా అని గట్టిగా అంటే ఊరుకున్నారు.

ఇంతకీ కార్డుతో ఏం వస్తుంది? నెలనెలా డబ్బులు పడతాయని చెప్పేవాళ్లని నమ్మకండి. 60 దాటాక నెలకి 3,000 పెన్షన్ అనేది వేరే పథకం, దానికి మనమూ కడుతూ రావాలి.

అసలిది కరోనా దెబ్బకి పుట్టింది. 2020 మార్చి 25న లాక్‌డౌన్ పెడితే, లింగంపల్లి నుంచి జార్ఖండ్‌లోని హటియాకి వలస కూలీల కోసం వేసిన మొదటి శ్రామిక్ రైలు కదిలింది మే 1న. ఈలోపు ఎంతమంది పిల్లల్ని చంకనేసుకుని హైవేల మీద నడిచారో మనందరం చూశాం. దారిలో చనిపోయినవాళ్ల లెక్క తమ దగ్గర లేదని కేంద్రం ఆ సెప్టెంబరులో పార్లమెంటులోనే చెప్పింది. తర్వాతి ఏడాది కూలీల నమోదు మొదలుపెట్టడానికి సుప్రీంకోర్టు గడువు పెడితే, ఆ గడువూ దాటాక ఆగస్టు 26న పోర్టల్ మొదలైంది. ఇప్పుడు 30 కోట్ల మందికి పైగా ఉన్నారు.

లెక్క తేలింది, బాగానే ఉంది. కానీ ఆరోజు వాళ్లకి కావాల్సింది ఆగిపోయిన కూలి, ఇంటికి చార్జీలు. ఈ నంబరు చూసి కాంట్రాక్టరేమీ బాకీ తీర్చడు. వేరే రాష్ట్రం నుంచి కూలీల్ని తెస్తే లైసెన్స్ ఉండాలని, ఫొటోతో పాస్‌బుక్ ఇవ్వాలని, రానుపోను చార్జీలు పెట్టుకోవాలని అప్పుడున్న 1979 నాటి వలస కూలీల చట్టంలోనే రాసి ఉండేది, అయినా 2020లో నడిచారు. అడ్డా మీద ఎవరినైనా అడగండి, ఆ పాస్‌బుక్ ఎప్పుడైనా చూశారా అని. నన్నడిగితే ఏ రాష్ట్రంలోనైనా బియ్యం తీసుకునే రేషన్ కార్డు పద్ధతే ఇంతకంటే నేరుగా కడుపుకి పనికొచ్చింది.

ఐదుకి రెండున్నర ఇస్తా. చేయించుకునేవాళ్లు ముందు ఆధార్‌లో ఫోన్ నంబరు మార్పించుకోండి, సందేహాలుంటే 14434కి చేయండి.