పెట్టె కంపెనీదే, తూటాలు కావు: డీర్ సీజన్‌కి కొనేవాళ్లు చూసుకోండి

టెక్సాస్‌లో వేటకి వెళ్లే మనవాళ్ల కోసం ఈ పోస్ట్. నవంబర్ మొదటి శనివారం సీజన్ మొదలు. అక్టోబర్ వచ్చిందంటే చాలు, అందరం రైఫిళ్లు బయటికి తీసి తూటాల కోసం ఎగబడతాం. సరిగ్గా అప్పుడే, వాడేసిన తొడుగుల్లో మళ్లీ మందు నింపిన తూటాల్ని ఫ్యాక్టరీవని అంటగడతారు.

ఒక గన్ షోలో బల్ల పెట్టుకున్న అతని దగ్గర .308 క్యాలిబర్ సాఫ్ట్ పాయింట్ (మొన మెత్తటి సీసంతో ఉండే) తూటాలు తీసుకున్నాను. పేరున్న కంపెనీ పెట్టె, లోపల 20. ఫ్యాక్టరీ సరుకేనని ఒకటికి రెండుసార్లు చెప్పాడు. రేంజ్‌లో 100 గజాలకి స్కోప్ జీరో చేద్దామని (గురి సరిచూద్దామని) మా బావమరిది మొదటిది పేల్చాడు. పేలడం మామూలుగానే పేలింది, బోల్ట్ (తూటా వెనక గది మూసే పిడి) మాత్రం పైకి లేవలేదు. అరచేత్తో కొడితే గానీ తెరుచుకోలేదు. బయటికొచ్చిన కేసు (తూటా ఇత్తడి తొడుగు) తిప్పి చూస్తే, అడుగున మందు అంటించే చిన్న బిళ్ల, అదే ప్రైమర్, దాని అంచుల గుండ్రం పోయి ఇస్త్రీ చేసినట్టు చదునైపోయింది. దాని పక్కనే ఎజెక్టర్ (ఖాళీ కేసుని బయటికి నెట్టేది) తగిలిన చోట ఇత్తడి తళతళా మెరుస్తోంది. ప్రెషర్ హద్దు దాటిందనడానికి గుర్తులివి. .308కి పరిమితి 62,000 పీఎస్‌ఐ (చదరపు అంగుళానికి పౌండ్లు). ఇక రెండోది పేల్చనివ్వలేదు.

మిగతావి బోర్లించి అడుగున ముద్రలు చూస్తే మూడు రకాలు! ఒకే కంపెనీ పెట్టెలో మూడు కంపెనీల కేసులు ఎక్కణ్ణుంచి వస్తాయి? కొన్నిటికి ప్రైమర్ వెండి రంగు, కొన్నిటికి ఇత్తడి రంగు. వాటిలో మిలటరీ కేసులు కూడా ఉన్నాయి. వాటి గోడ మందం, లోపల జాగా తక్కువ. మామూలు కేసుకి సరిపోయే మందు అందులో పోస్తే ప్రెషర్ పెరిగిపోతుంది. రీలోడింగ్ చేసే (వాడిన కేసుల్లో మళ్లీ మందు నింపుకునే) మిత్రుడు కొన్ని విప్పి మందు తూచాడు, ఒకదానికీ ఇంకోదానికీ దాదాపు మూడు గ్రెయిన్ల (మందు తూచే చిన్న కొలత) తేడా.

రీలోడింగ్‌ని తప్పు పట్టడం లేదు. తన రైఫిల్‌కి తగ్గట్టు శ్రద్ధగా నింపుకున్న తూటా ఫ్యాక్టరీదానికంటే బాగా పడొచ్చు కూడా. కానీ వ్యాపారంగా తయారుచేసి అమ్మాలంటే ఫెడరల్ లైసెన్స్ కావాలి. నాకు అమ్మినతన్ని ఫోన్‌లో అడిగితే "తూటాలు వాపసు తీసుకోం" అని పెట్టేశాడు.

కొనేముందు పెట్టె తెరిపించండి. అడుగున ముద్ర అన్నిటికీ ఒకటే ఉండాలి, పెట్టె మీది పేరుతో, క్యాలిబర్‌తో కలవాలి. లాట్ నంబర్ (ఏ విడతలో తయారైందో చెప్పేది) గీకేసి ఉన్నా, మూత అంచులు నలిగి ఉన్నా ముట్టుకోకండి. జిప్ కవర్లో పోసి అమ్మేవాటి జోలికి అసలే వద్దు.

అన్నట్టు, హెచ్-1బీ మీద ఉన్న తమ్ముళ్లూ, చెల్లెళ్లూ: హంటింగ్ లైసెన్స్ లాంటి మినహాయింపు లేకుండా మీరు తుపాకీయే కాదు, తూటా దగ్గర పెట్టుకున్నా ఫెడరల్ నేరమే. లైసెన్స్ చేతికొచ్చాకే కొనండి.

రైఫిల్‌ని గన్‌స్మిత్‌కి (తుపాకులు బాగుచేసేవాడికి) చూపించాం, హెడ్‌స్పేస్ (మూసిన బోల్ట్‌కీ తూటా గదికీ మధ్య ఉండాల్సిన కొలత) బాగానే ఉందన్నాడు. ఇప్పుడు షాపులో ఒకే లాట్‌వి రెండు పెట్టెలు కొన్నాను. ఒకటి జీరో చేయడానికి, రెండోది వేటకి.