కోఫిలిన్ లైసేట్ రెండేళ్ళు వాడాక: పనికొచ్చింది పక్క ట్యూబు

కోఫిలిన్ అంటే కణాల్లో యాక్టిన్ పోగుల్ని (కణం కదలడానికి వాడుకునేవి) కోసే చిన్న ప్రొటీన్, లైసేట్ అంటే కణాల్ని పగలగొట్టి తీసిన ద్రవం. ఈ లైసేట్ కొంటే రెండు ట్యూబులు వస్తాయి. ఒకటి కోఫిలిన్‌ను బాగా ఎక్కువగా తయారు చేయించిన హెచ్‌ఈకే 293టీ అనే, ల్యాబ్‌లో పెంచే మనిషి కణాలది, రెండోది అవే కణాల్లో జీన్ లేని ఉత్త వెక్టర్ (జీన్‌ని కణంలోకి మోసుకెళ్ళే డీఎన్‌ఏ) పెట్టి తీసినది. రెండేళ్ళ తర్వాత నన్నడిగితే డబ్బు పెట్టాల్సింది ఆ రెండోదానికే అంటాను. తమాషా ఏమిటంటే, మొదటి ఏడు నెలలు దాని మూత కూడా తియ్యలేదు నేను.

శ్రీకాకుళంలో మాది చిన్న ల్యాబ్. కల్చర్ సదుపాయం లేదు, శాంపిల్ బఫర్‌లో మరిగించేసిన శాంపిళ్ళు విశాఖ నుంచి బస్సులో తెచ్చుకుంటాం. అందుకే పాజిటివ్ కంట్రోల్ (ప్రొటీన్ ఉందని ముందే తెలిసిన, పోల్చి చూసుకునే శాంపిల్) కొనుక్కోవాల్సి వచ్చింది. మొదటి బ్లాట్ (జెల్‌లో బరువును బట్టి విడదీసిన ప్రొటీన్లని పొర మీదికి దించి, యాంటీబాడీతో పట్టుకునే పరీక్ష) తెల్లగా వచ్చింది, కానీ ఆ తప్పు లైసేట్‌ది కాదు. 19 కిలోడాల్టన్ల ప్రొటీన్‌ని 0.45 మైక్రాన్ పొర మీద రాత్రంతా ట్రాన్స్‌ఫర్ పెడితే అది పొర దాటి అవతలికి పోతుంది మరి. 0.2 పొర పెట్టి, టైము తగ్గించాక బ్యాండ్లు పడ్డాయి.

అసలు కథ అక్కడే మొదలైంది. లైసేట్ లేన్‌లో రెండు బ్యాండ్లు, ఒకటి 19 కిలోడాల్టన్ల దగ్గర, ఇంకోటి 22 దగ్గర. మా శాంపిళ్ళలో కిందది ఒక్కటే. నేను వెంటనే కథ అల్లేశాను: లిమ్ కైనేజ్ అనే ఎంజైమ్ మూడో స్థానంలోని సెరీన్ మీద ఫాస్ఫేట్ పెడితే కోఫిలిన్ పని ఆగిపోతుంది కదా, పైది ఆ ఆగిపోయిన కోఫిలిన్, మా కణాల్లో అది లేదు కాబట్టి యాక్టిన్ తెగ కోసుకుపోతోంది, అందుకే కణాలు అంత చురుగ్గా కదులుతున్నాయి! స్లైడ్ కూడా చేసేశాను. ఒక ఫాస్ఫేట్ బరువు 80 డాల్టన్లు, అక్కడ ఎడమేమో 3 వేలు, ఈ లెక్క ఎందుకు తట్టలేదో ఇప్పటికీ అర్థం కాదు.

మా ల్యాబ్ మేడమ్ స్లైడ్ చూసి, "ఆ రెండో ట్యూబు నడిపావా నాన్నా?" అన్నారు.

"అందులో ఏమీ ఉండదు మేడమ్, ఖాళీ వెక్టర్."

"ఏమీ లేదని నువ్వు చూశావా?"

ఆ రోజే జెల్ పోశాను. రాత్రి తొమ్మిదిన్నరకి అటెండర్ తాళాలు పట్టుకొచ్చి "ఏటి బాబూ, ఇంకా ఇంటికెల్లలేదేటి" అంటుంటే ఫిల్మ్ తీశాను. ఖాళీ అనుకున్న లేన్‌లో 19 దగ్గర నల్లగా, దిట్టంగా బ్యాండు. అది హెచ్‌ఈకే కణాల సొంత కోఫిలిన్. పైనున్నది కంపెనీ వాళ్ళు పెట్టిన కోఫిలిన్, గుర్తుపట్టడానికి చివర తగిలించిన మిక్, ఫ్లాగ్ అనే చిన్న ట్యాగుల బరువుతో 3 కిలోడాల్టన్లు పైకెక్కింది. ఫ్లాగ్ యాంటీబాడీతో మళ్ళీ చూస్తే పైది ఒక్కటే వెలిగింది. స్లైడ్ డిలీట్ చేశాను. సిగ్గేసింది గానీ, అదే స్లైడ్ సెమినార్‌లో పెట్టి ఉంటే ఇంకెంత పరువు పోయేదో.

ఇంతకు ముందు జూనియర్లకి ఈ లైసేట్ మొండిది, కరెంటు పోయినా ఏమీ కాదు అని చెప్పేవాణ్ణి. ఆ మాట కొంచెం సవరించుకోవాలి. మైనస్ 80 ఫ్రీజర్ మాది కాదు, పక్క డిపార్ట్‌మెంట్‌ది. ఒక గాలివాన రాత్రి కరెంటు పోయి, మర్నాడు మధ్యాహ్నం దాకా రాలేదు. శాంపిల్ బఫర్‌లో మరిగించి చిన్న చిన్న ఆలిక్వాట్లుగా పెట్టుకున్నవి బాగానే ఉన్నాయి, అలాగే వదిలేసిన పచ్చి లైసేట్‌లో మాత్రం బ్యాండు కింద మసక మొదలైంది, అంటే ప్రొటీన్ ముక్కలవుతోందన్నమాట. వచ్చిన రోజే పంచి పెట్టుకోండి. ఫాస్ఫో కోఫిలిన్‌కి (ఫాస్ఫేట్ ఎక్కినదానికి) కంట్రోల్‌గా అయితే నేను దీన్ని నమ్మను, నాకు ఆ సిగ్నల్ ఒక్కోసారి ఒక్కోలా వచ్చింది. యాక్టిన్ కోసే పరీక్షలకి అసలు పనికిరాదు, ఇది శుద్ధి చేసిన ప్రొటీన్ కాదు, పైగా డిటర్జెంట్ ఉంటుంది.

కల్చర్ హుడ్, ఇన్‌క్యుబేటర్ ఉన్నవాళ్ళు ప్లాస్మిడ్ తెచ్చుకుని సొంతంగా చేసుకుంటే చౌక. మాలాంటి వాళ్ళకి, అదీ ఫండ్ చేతిలో ఉన్న ఏడాదిలో అయితే, కొనుక్కోవచ్చనే అంటాను. ఇప్పుడు కోఫిలిన్ ట్యూబులో సగం పైనే ఉంది, లేన్‌కి 5 మైక్రోగ్రాములు చాలు. ఖాళీ వెక్టర్‌ది మాత్రం రెండు లేన్లకే మిగిలింది.