డెడ్‌జోన్ సర్దుబాటు: చాలాకాలం వాడాక నా మాట

కంట్రోలర్ స్టిక్ తనంతట తాను కదలడం మొదలుపెట్టేదాకా డెడ్‌జోన్ (స్టిక్ మధ్యలో, కాస్త కదిలినా లెక్కలోకి రాని మేర) జోలికి ఎవరూ వెళ్లరు. నేనూ అలాగే వెళ్లాను. కొన్నేళ్లుగా పీసీ ఆటల వేదిక స్టీమ్‌లోని కంట్రోలర్ సెట్టింగులు, డీఎస్4విండోస్ అనే ఉచిత ప్రోగ్రాం, ఆటల్లోని స్లయిడర్లు మార్చి మార్చి వాడాను. ఇప్పుడు నా లెక్క ఒకటే. డెడ్‌జోన్ ఒక్కచోటే పెట్టాలి, అదీ వీలైనంత తక్కువ.

నా పాత కంట్రోలర్ పొటెన్షియోమీటర్లది. స్టిక్ కదిలినప్పుడల్లా లోపల ఒక చిన్న లోహపు ముక్క కార్బన్ పూత మీద రాసుకుంటుంది. పూత అరిగాక, వేలు తీసేసినా సున్నా రాదు. బ్రౌజర్‌లో నడిచే గేమ్‌ప్యాడ్ టెస్టర్ తెరిస్తే ప్రతి అక్షమూ (అడ్డం, నిలువు కదలికలు) -1 నుంచి 1 దాకా అంకెల్లో కనిపిస్తుంది. నా స్టిక్‌ను కుడికి తోసి వదిలితే 0.07 దగ్గర, ఎడమకు తోసి వదిలితే -0.03 దగ్గర ఆగేది. ఎటు నుంచి వస్తే ఆ పక్కకే కాస్త ఒరిగి నిలబడుతుందన్నమాట. నింటెండో స్విచ్‌లో ఉన్నటువంటి క్యాలిబ్రేషన్ మధ్య బిందువును జరుపుతుందే తప్ప ఈ తేడాను చెరపదు. అందుకే స్టిక్‌ను అన్ని వైపులకూ తోసి వదిలి, వచ్చినవాటిలో పెద్ద అంకె చూసుకుని, దానికి ఒకటి రెండు శాతం కలిపి డెడ్‌జోన్‌ను 9 శాతం దగ్గర పెట్టాను. కదలడం ఆగింది.

చిక్కంతా ఆ తర్వాతే. షూటింగ్ ఆటలో గురి వెంట్రుకవాసి జరపబోతే జరగదు, ఇంకాస్త తోస్తే దాటిపోతుంది. కారణం, ఆటకూ తనదైన డెడ్‌జోన్ ఉంది. స్టీమ్‌లో 10 శాతం, ఆటలో మరో 10 శాతం ఉంటే, మొదటిది మిగిలిన కదలికను మళ్లీ సున్నా నుంచి సాగదీసి ఇస్తుంది కాబట్టి, స్టిక్ 19 శాతం కదిలేదాకా తెరమీద ఏమీ జరగదు. ఆటలో సున్నా పెట్టే వీలుంటే అక్కడ సున్నా పెట్టి స్టీమ్‌లో మాత్రమే ఉంచుకోవడం మేలు. కొన్ని ఆటల్లో ఆ స్లయిడరే ఉండదు. విండోస్‌లో ఆటలు కంట్రోలర్‌ను చదివే ఎక్స్‌ఇన్‌పుట్ పద్ధతి కోసం మైక్రోసాఫ్ట్ సూచించిన డెడ్‌జోన్ విలువలు ఎడమ స్టిక్‌కు 7849, కుడి స్టిక్‌కు 8689. మొత్తం పరిధి 32767 కాబట్టి అది దాదాపు పావు వంతు! వాటిని ఉన్నదున్నట్టు వాడుకున్న ఆటలో మంచి స్టిక్ కూడా మొద్దుగానే ఉంటుంది. అలాంటి చోట డీఎస్4విండోస్‌లోని యాంటీ డెడ్‌జోన్ నన్ను ఆదుకుంది. స్టిక్ కాస్త కదలగానే అది సంకేతాన్ని ఆట గీసిన గీత అవతలికి దాటిస్తుంది. విలువ ఒక్కో శాతం పెంచుతూ, మెల్లగా తోసినా గురి కదిలే చోట ఆపాలి. అతిగా పెంచితే గురి ఉలిక్కిపడుతుంది.

ఆకారం సంగతి చాలామంది చూడరు. రెండు అక్షాలకూ విడివిడిగా కత్తిరించే డెడ్‌జోన్‌లో, స్టిక్‌ను దాదాపు నిట్టనిలువుగా తోస్తే పక్కకున్న కాస్త కదలిక మాయమై బొమ్మ తిన్నగా వెళ్తుంది. టూడీ ఆటలకు అది బాగుంటుంది. గురిపెట్టే ఆటల్లో మాత్రం చిన్న వలయం కూడా గీయలేం. వీలున్న చోటల్లా గుండ్రటిదే ఎంచుకుంటాను.

బయటి డెడ్‌జోన్‌ను, అంటే స్టిక్ అంచుకు చేరకముందే పూర్తిగా తోసినట్టు లెక్కేసే మేరను, ఇంకా తక్కువ మంది పట్టించుకుంటారు. పూర్తిగా పైకి నొక్కినా నా పాత ఎడమ స్టిక్ 0.93 దాటేది కాదు. ఒక ఆటలో బొమ్మ పరుగెత్తాల్సిన చోట నడుస్తూనే ఉండేది. బయటి అంచును 8 శాతం లోపలికి తేగానే పరుగు అందుకుంది. ఫోర్జా హొరైజన్ 5లో స్టీరింగ్‌కు లోపలిదీ బయటిదీ విడిగా ఇచ్చారు, కారు ఆటకు అది తప్పనిసరి. లోపలిది ఎక్కువైతే తిన్నని రోడ్డు మీద కూడా కారు అటూ ఇటూ వంకర్లు పోతుంది.

ఇప్పుడు వాడుతున్నది హాల్ సెన్సర్ల కంట్రోలర్. అయస్కాంతంతో పనిచేస్తుంది కాబట్టి రాపిడి లేదు, పూత అరిగే బెడదా లేదు. ఇదేమీ కొత్త సంగతి కాదు, 1998లో వచ్చిన సెగా డ్రీమ్‌కాస్ట్ స్టిక్‌లోనూ ఇదే పద్ధతి. అయితే "జీరో డెడ్‌జోన్" అన్న ప్రకటనలను నేను నమ్మను. సెన్సర్ ఎంత మంచిదైనా స్టిక్‌ను మధ్యకు తెచ్చేది స్ప్రింగే, అది ప్రతిసారీ ఒకే చోటికి తేదు. సున్నా పెట్టి చూస్తే మెనూలో కర్సర్ నత్తలా పాకింది. 3 శాతం దగ్గర ఆగింది. అక్కడే ఉంచాను.

పీఎస్5 వాడేవారికి నేను చెప్పగలిగింది తక్కువ. దానితో వచ్చే మామూలు డ్యూయల్‌సెన్స్ కంట్రోలర్‌కు కన్సోల్ సెట్టింగుల్లో డెడ్‌జోన్ సర్దుకునే వీలు లేదు, ఆట ఇచ్చిన స్లయిడరే దిక్కు. ఆ వీలు 2023లో వచ్చిన డ్యూయల్‌సెన్స్ ఎడ్జ్‌లో ఉంది, స్టిక్ పాడైతే ఆ భాగం ఒక్కటే మార్చుకోవచ్చు కూడా. ధర మాత్రం మామూలు దానికి రెండింతల పైమాటే, డెడ్‌జోన్ ఒక్కదాని కోసమైతే నేను కొనను.