1/48 లారీ, 1/76 ట్యాంకు, 1/72 సైనికులు: ఒకే కొండ మీద ఇమిడాయా?

గుంటూరు కొత్తపేటలో పళ్ల సెట్లు, క్యాపులు చేసే ల్యాబులో నా ఉద్యోగం. మిల్లీమీటరులో పదో వంతు తేడా వచ్చినా పన్ను కూర్చోదు కాబట్టి చేతిలో ఎప్పుడూ సన్నని కొలతలు తీసే వెర్నియర్ ఉంటుంది. ఈ సంక్రాంతి బొమ్మల కొలువు కోసం మణిపూర్‌లో 1944లో జరిగిన ఇంఫాల్ యుద్ధం మీద ఒక డయోరమా, అంటే చిన్న బొమ్మలతో కట్టిన దృశ్యం, చేశాను. అందులో మూడు రకాల స్కేళ్లలో కొన్న బొమ్మలు కలిపి వాడాను. స్కేలు అంటే అసలుదాన్ని ఎన్నో వంతుకి తగ్గించారన్న లెక్క, 1/72 అంటే అసలులో డెబ్బైరెండో వంతు. కొన్న ప్రతి పెట్టెనూ ముందు కొలిచి, ఆ తర్వాతే జిగురు తీశాను. ఏది పనికొచ్చింది, ఏది ఇబ్బంది పెట్టింది అన్నది ఇక్కడ రాస్తున్నాను.

ఇంఫాలే ఎందుకంటే, మా అమ్మ వాళ్ల నాన్నగారు రెండో ప్రపంచ యుద్ధంలో అటువైపు మిలిటరీ లారీ నడిపారు. చిన్నప్పుడు తాతయ్య పక్కన పడుకుంటే చెప్పే కబుర్లలో లీ అనే అమెరికన్ ట్యాంకు తప్పకుండా వచ్చేది. "అది ఎక్కడమంటే బండి ఎక్కినట్టు కాదురా, మిద్దె ఎక్కినట్టు" అనేవారు. ఆయన పెంచి చెప్పలేదు. ఎం3 లీ ఎత్తు 3.12 మీటర్లు, అంటే పది అడుగుల పైమాటే. నా డయోరమాకి అసలు పరీక్ష ఆ ఒక్క మాటే. పక్కన మనిషిని నిలబెట్టినప్పుడు ట్యాంకు మిద్దెలా కనిపించాలి.

నేను తీసుకున్న ఘట్టం ఇంఫాల్ దగ్గరి నున్‌షిగుమ్ కొండ మీద దాడి. 1944 ఏప్రిల్ 13న 17వ డోగ్రా రెజిమెంటు మొదటి బెటాలియన్ జవాన్లు, 3వ కారబినీర్స్ అనే బ్రిటిష్ ట్యాంకు రెజిమెంటు వాళ్ల లీ ట్యాంకులు కలిసి నిట్టనిలువు కొండ ఎక్కి జపాన్ సైన్యం మీద పడ్డారు. దారి కనబడాలంటే ట్యాంకు కమాండర్లు తల బయటపెట్టి నిలబడక తప్పలేదు. ఆ దాడిలో ఆఫీసర్లంతా చనిపోవడమో గాయపడడమో జరిగింది. చివరికి క్రాడాక్ అనే స్క్వాడ్రన్ సార్జెంట్ మేజర్ మిగిలినవాళ్లను ముందుకు నడిపించాడు. కాబట్టి నా బొమ్మలో టరెట్ (ట్యాంకు పైన తిరిగే గుమ్మటం) మూతలోంచి బయటకు కనిపించే ఆ మనిషే ముఖ్యం. స్కేళ్లు కలిపితే మొదట దొరికిపోయేదీ ఆ చోటే.

ముందు ట్యాంకు సంగతి. ఎయిర్‌ఫిక్స్ అనే బ్రిటిష్ బొమ్మల కంపెనీ వాళ్ల పాత 1/76 లీ తీసుకున్నాను. 1/76 అనే వింత అంకె రైలు బొమ్మల వల్ల వచ్చింది. ఇంగ్లండులో ఓఓ రకం రైళ్లకు అడుగుకి నాలుగు మిల్లీమీటర్ల లెక్క. లెక్క వేస్తే అది దాదాపు 1/76. 1/72 లెక్క వేరు, అందులో ఆరడుగులకు ఒక అంగుళం. విమానాల కిట్లలో బాగా స్థిరపడిన కొలత అది. రెండూ ఒకటేనన్నట్టు కలిపి అమ్మేవాళ్లూ ఉన్నారు, కొనేవాళ్లూ ఉన్నారు. అయిదడుగుల ఏడంగుళాల మనిషి 1/72లో 23.6 మిల్లీమీటర్లు ఉంటాడు, 1/76లో 22.4. తేడా మిల్లీమీటరు చిల్లర. మనుషుల్లోనే పొట్టివాళ్లు, పొడుగువాళ్లు ఉన్నప్పుడు ఈ మాత్రం తేడా ఎవరికీ కనిపించదని నేనూ అనుకున్నాను.

మనుషుల వరకు అది నిజమే. 1/72లో అయిదడుగుల నాలుగంగుళాల జవానూ, 1/76లో అయిదడుగుల ఏడంగుళాల జవానూ దాదాపు ఒకే ఎత్తు. కానీ తుపాకీల్లో పొట్టి పొడుగులుండవు. లీ-ఎన్‌ఫీల్డ్ రైఫిల్ ఎవరి చేతిలో ఉన్నా 113 సెంటీమీటర్లే. ఇద్దరినీ పక్కపక్కన నిలబెడితే ఒకరి రైఫిల్ 15.7 మిల్లీమీటర్లు, ఇంకొకరిది 14.9. మనిషి తేడాని కన్ను క్షమిస్తుంది గానీ రైఫిల్ తేడాని, హెల్మెట్ తేడాని, పెట్రోలు డబ్బా తేడాని క్షమించదు. ఒకే ఫ్యాక్టరీలో తయారైన వస్తువులు ఒకేలా ఉండాలని దానికి తెలుసు. అందుకే ఒక వరుసలో నిలబడే సైనికులందరినీ ఒకే పెట్టెలోంచి తీశాను. ఈ ఒక్క విషయంలో రాజీ పడొద్దని గట్టిగా చెబుతాను.

ఇక సైనికుల పెట్టె. మీద 1/72 అని ఉంది, మెత్తటి ప్లాస్టిక్. నిలబడ్డ బొమ్మల్ని పీఠం వదిలేసి కొలిస్తే 25 మిల్లీమీటర్లు వచ్చాయి. 1/72 లెక్కన అది 180 సెంటీమీటర్ల మనిషి, ఫరవాలేదు. అదే బొమ్మ 1/76 ట్యాంకు పక్కన నిలబడితే 190 సెంటీమీటర్ల మనిషి అవుతాడు, ఆరడుగుల మూడంగుళాలు! నా ట్యాంకు ఎత్తు 41 మిల్లీమీటర్లు. వాళ్లను పక్కన నిలబెట్టి చూస్తే లీ ట్యాంకు మిద్దెలా కాదు, అరుగులా ఉంది. తాతయ్య మాట అక్కడే తప్పిపోయింది. కమాండర్ కోసం ఆ పెట్టెలోని ఒక బొమ్మని నడుం దగ్గర కోసి మూతలో దింపబోతే భుజాలు పట్టలేదు. పన్ను అరగదీసే బర్రుతో రెండు వైపులా గీకి, ఛాతీ కింద ఇంకా కోసి, మొత్తానికి ఇరికించాను. ఇప్పుడు మెడ దాకా కనిపిస్తాడు, అంతే. మోల్డింగ్ విషయానికొస్తే ముఖాలు బాగున్నాయి, చేతివేళ్లు ముద్దగా వచ్చాయి. సబ్బునీళ్లతో కడిగి, రంగు పట్టడానికి ముందు పూతగా ప్రైమర్ కొట్టకపోతే రంగు తొక్కలా లేచిపోతుంది. ఆ పెట్టెకి అయిదులో మూడు ఇస్తాను. 1/72 ట్యాంకే వాడేవాళ్లు ఇంకో అర మార్కు కలుపుకోవచ్చు.

మూడోది లారీ. తాతయ్య నడిపింది ఏ కంపెనీదో అమ్మకి గుర్తులేదు, "ముక్కు పొడుగు లారీ" అన్నది ఒక్కటే తెలుసు. అందుకని తమియా అనే జపాన్ కంపెనీ 1/48లో చేసిన అమెరికన్ రెండున్నర టన్నుల లారీ తెప్పించాను. కిట్టు అద్భుతం, అయిదుకి అయిదు. భాగాలు ఒకదానిలో ఒకటి కూర్చున్న తీరు చూస్తే మా ల్యాబులో మంచి క్రౌన్ పోత పోసినప్పుడు కలిగే తృప్తి కలిగింది. కానీ 1/72 సైనికుల పక్కన పెట్టగానే మొత్తం చెడింది. మూడడుగుల చక్రం 1/48లో 19 మిల్లీమీటర్లు. నా జవాను ఛాతీ దాకా వస్తోంది. పక్కపక్కన పెట్టాలనుకుంటే ఈ రెండు స్కేళ్లూ కలవవు. ఏ మాటలు చెప్పినా కలవవు.

పక్కపక్కన పెట్టకపోతే కలుస్తాయి. నేను నేర్చుకున్నది అదే, చేసిందీ అదే. లారీని చూసేవాళ్ల కంటికి అతి దగ్గరగా, ఎడమ మూలన, సగం ఫ్రేము బయటికి పోయేట్టు పెట్టాను. దాని పక్కన 1/48 డ్రైవర్ ఒక్కడే ఉన్నాడు. జానెడు వెనక 1/72 జవాన్లు, వాళ్ల వెనక ఇంకో బెత్తెడు దూరంలో 1/76 ట్యాంకు. కొండ నెత్తిన ఇంకో లీ ఉంది. అది కొనలేదు, ల్యాబులో మిగిలిన గులాబీ అక్రిలిక్‌తో 1/144 కొలతలో చెక్కాను. పొడవు 39 మిల్లీమీటర్లు. వెనక్కి పోయేకొద్దీ చిన్నదవుతుంటే కన్ను దాన్ని దూరం అనుకుంటుంది.

అయితే రెండు వరుసల మధ్య నేల కనిపించకూడదు. చదునైన నేల కనిపించిందంటే కన్ను దాని మీద నడుచుకుంటూ పోయి కొలిచేస్తుంది. మొదటిసారి నేల ఖాళీగా వదిలి, ఒక రాత్రంతా ఏం తప్పిందో అర్థంకాక కూర్చున్నాను. తర్వాత లారీకీ జవాన్లకీ మధ్య ఒక గట్టు లేపాను. జవాన్లకీ ట్యాంకుకీ మధ్య కాలిన పొదలు పెట్టాను. ఆ పొదలకు మిరపకాయ తొడిమలు వాడాను. గుంటూరులో వాటికేం కరువు! ఎండిన తొడిమ వంకర తిరిగి ఉంటుంది, కాయకి అతుక్కునే చోట చిన్న గొడుగులా విచ్చుకుంటుంది. తలకిందులు చేసి గుచ్చితే వేళ్లతో సహా లేచిపోయిన చెట్టు మోడులా ఉంటుంది. ముందు వరుసకి పెద్ద తొడిమలు, వెనక వరుసకి సన్నవి. చెట్ల స్కేలూ మారాలి కదా. కొండ డెంటల్ ప్లాస్టర్‌తో పోసి, టీ వడగట్టుతో జల్లించిన ఎర్రమట్టి చల్లాను. ముందు మట్టి కాస్త గరుకు, పైకి పోయేకొద్దీ పిండిలా.

ఈ పద్ధతికి ఒకే ఒక్క లోపం ఉంది. ఎదురుగా, కంటి ఎత్తులో ఉంచి చూడాలి. పైనుంచి చూస్తే గుట్టు బయటపడుతుంది. అందుకే కొలువులో పై మెట్టు మీద, మూడు వైపులా అట్ట కట్టి పెట్టాను. కింది మెట్టు మీద మా కొండపల్లి దశావతారాలు ఉన్నాయి. కొలువులో దేవుడు పెద్దగా, పక్కన ఏనుగు చిన్నగా ఉన్నా ఎవరూ తప్పు పట్టరు, అక్కడ పెద్ద కొలత గౌరవానికి గుర్తు. యుద్ధం బొమ్మలో మాత్రం కొలత అంటే దూరం. ఈ రెండింటినీ కలగాపులగం చేయకూడదు.

ఎయిర్‌ఫిక్స్ ట్యాంకుకి నాలుగు ఇస్తాను. పాత అచ్చు కాబట్టి రివెట్ల దగ్గర ఓపిక కావాలి. పక్కన 22 మిల్లీమీటర్ల బొమ్మలే నిలబెట్టండి. మా అక్రిలిక్‌తోనే అలాంటి జవాన్లని ఇద్దరిని చెక్కి పక్కన పెట్టాక అది మిద్దె అయింది.

భోగినాడు పేరంటానికి ముందు అమ్మ స్టూలు వేసుకుని, కళ్లజోడు పెట్టుకుని, లారీకి ఎదురుగా చాలాసేపు కూర్చుంది. "నాన్న ఇంత పొడుగు కాదురా, నా కన్నా ఒక బెత్తెడే ఎక్కువ" అంది. అమ్మ అయిదడుగుల ఒక్క అంగుళం. లెక్క వేస్తే తాతయ్య అయిదడుగుల నాలుగు. 1/48లో అది 34 మిల్లీమీటర్లు, నా డ్రైవర్ 35న్నర ఉన్నాడు. ఆ సాయంత్రమే పెరికి, బూట్ల అడుగున ఒకటిన్నర మిల్లీమీటర్లు అరగదీసి మళ్లీ నిలబెట్టాను.