డబుల్ హుక్కు బెల్టు: ముందు షెడ్డు ఎత్తు కొలవండి

ఒడిశాలోని రాయగడ, గుణుపూర్ వైపు రైస్ మిల్లుల రేకులు మార్చడానికి ఎక్కేవాళ్లు సేఫ్టీ బెల్టు అడిగితే సాధారణంగా చేతికొచ్చేది ఇదే: వీపు మీద డి-రింగు, 1.8 మీటర్ల తాడు, చివర రెండు పెద్ద హుక్కులు, మధ్యలో సంచీలాంటి షాక్ అబ్జార్బర్. లేబుల్ మీద ఐఎస్ 3521 (సేఫ్టీ బెల్టుల భారతీయ ప్రమాణం) ఉంటే సరుకు మంచిదే. టవర్లకు భేషుగ్గా పనికొస్తుంది. చిన్న షెడ్డుకు మాత్రం దీన్ని నమ్ముకోకూడదు.

లెక్క చూడండి. తాడు 1.8 మీటర్లు. పడ్డప్పుడు అబ్జార్బర్ కుట్లు విప్పుకుంటూ 1.75 మీటర్ల దాకా సాగుతుంది. డి-రింగు నుంచి అరికాళ్ల దాకా ఇంకో మీటరున్నర. అరికాళ్ల కింద ఇంకో మీటరు జాగా వదలాలి. అంటే హుక్కు తగిలించిన చోటు కింద ఆరు మీటర్లకు పైగా ఖాళీ ఉండాలి. హుక్కు తగిలించిన పర్లిన్ (రేకులు బిగించే అడ్డదూలం) అయిదు మీటర్ల ఎత్తులో ఉంటే, బెల్టు పట్టేలోపే కాళ్లు నేలకు తగులుతాయి! అలాంటి చోట తలపైన బిగించే, తాడును తనంతట తానే లాక్కునే బ్లాక్ కావాలి. లేదంటే కింద వల కట్టాలి.

చాలామంది చేసే తప్పు ఇంకోటుంది. ఖాళీ హుక్కును నడుము రింగుకు తగిలించుకుంటారు. పడ్డప్పుడు ఆ తాడు అబ్జార్బర్‌ను విచ్చుకోనివ్వదు, దెబ్బంతా ఒంటి మీదే పడుతుంది. తొడపట్టీ కింద అరచెయ్యి దూరాలి, పిడికిలి దూరకూడదు. వెల్డింగు రవ్వ పడి గట్టిపడ్డ మచ్చ ఉన్న పట్టీని, ఒకసారి మనిషి పడ్డ బెల్టును కోసి పారేయడమే.

బెల్టు ఎంత మంచిదైనా హుక్కు తగిలించే చోటు దాంతో రాదు. అది చూపించాల్సింది యజమాని. బెల్టు డబ్బులు కూలీలో కోయడం కూడా కుదరదు: 2025 నవంబర్ 21న అమల్లోకొచ్చిన వృత్తి భద్రత కోడ్, భద్రత కోసం ఇచ్చే దేనికీ కార్మికుడి దగ్గర వసూలు చేయొద్దంటుంది.

ప్రాణం మీదికొచ్చే పని అనిపిస్తే అదే కోడ్ 14వ సెక్షన్ ఉంది. యజమానికి నేరుగా గానీ, సేఫ్టీ కమిటీ సభ్యుడి ద్వారా గానీ చెప్పి, అదే సమయంలో ఇన్‌స్పెక్టర్‌కూ (ఈ కోడ్ కింద ఉండే తనిఖీ అధికారి) తెలపొచ్చు. మేస్త్రీకి నోటితో చెబితే రేపటికి సాక్ష్యం మిగలదు. తేదీ, షెడ్డు, పర్లిన్ ఎత్తు మీటర్లలో, హుక్కుకు చోటు లేదన్న మాట, ఇవి నాలుగూ ఒడియాలోనో ఇంగ్లీషులోనో ఒక కాగితం మీద పెట్టండి. తెలుగులో రాస్తే ఆఫీసులో చదివేవాళ్లు దొరక్కపోవచ్చు. ఒక కాపీ మీద మిల్లులో ముట్టినట్టు సంతకం తీసుకోండి, ఇంకోటి స్పీడ్ పోస్టులో ఇన్‌స్పెక్టర్‌కు పంపి రసీదు దాచుకోండి. ప్రమాదం లేదని యజమాని అంటే, విషయాన్ని వెంటనే ఇన్‌స్పెక్టర్‌కు పంపాల్సిన బాధ్యత ఆయనదే. తుది నిర్ణయం ఇన్‌స్పెక్టర్‌ది.