రంగం మారడమా, పని మారడమా?

పదిహేనేళ్లుగా ముంబైలో ఇన్వెస్ట్‌మెంట్ బ్యాంకర్‌గా ఉన్న మా చెల్లెలు సంక్రాంతికి గుంటూరు వచ్చింది. ఆమె ముందు రెండు దారులున్నాయి.

ఔషధ కంపెనీల విలీనాలు చూసే ఆమె అదే పనితో సిమెంటు రంగానికి మారవచ్చు. కంపెనీలకు విలువ కట్టే నేర్పు వెంట వస్తుంది, మనుషులు రారు. ఆ స్థాయిలో జీతం ఇచ్చేది పరిచయాలకే. మిర్చి యార్డులో పేరున్న కమీషన్ వ్యాపారి పత్తికి మారితే పాత రైతులంతా వెంట వస్తారా?

లేదా ఔషధ రంగంలోనే ఉండి, అప్పుల పునర్వ్యవస్థీకరణ, అంటే బాకీలు తీర్చలేని కంపెనీల అప్పులను కొత్త షరతులతో సర్దే పని, చేపట్టవచ్చు. 2016 దివాలా చట్టం నేర్చుకోవాలి. అక్కడ నిర్ణయం యజమానిది కాదు, అప్పిచ్చినవారి కమిటీది. కష్టమే. అయినా పాత పరిచయాలు నిలుస్తాయి.

రెండోదే మేలన్నాను, అదీ ఇప్పుడున్న సంస్థలోనే. కొత్తచోట ఆమె మాటకు పూచీపడేవారు ఉండరు.