పెప్టైడ్‌లకు యూవీ స్పెక్ట్రోఫోటోమీటర్: ఏళ్ల తరబడి వాడాక

మా ల్యాబ్‌కి కొత్త పెప్టైడ్ (అమైనో ఆమ్లాల చిన్న గొలుసు) ఏది వచ్చినా ముందు వెళ్లేది యూవీ స్పెక్ట్రోఫోటోమీటర్ దగ్గరికే, అంటే ద్రావణం ఏ తరంగదైర్ఘ్యం దగ్గర ఎంత అతినీలలోహిత కాంతిని పీల్చుకుంటుందో కొలిచే యంత్రం దగ్గరికి. డబుల్ బీమ్ యంత్రం, డ్యుటీరియం దీపం, ఒక సెంటీమీటరు క్వార్ట్జ్ క్యూవెట్లు. ఏళ్లుగా వాడుతున్నాను కాబట్టి చెబుతున్నాను: పెప్టైడ్ ఎంత ఉందని అడిగితే ఠక్కున చెబుతుంది, ఏ ఆకారంలో ఉందని అడిగితే మాత్రం నీళ్లు నములుతుంది.

ముందు దాని బలం సంగతి. పొడిని తూచి గాఢత లెక్కగట్టడం నాకు ఎప్పుడూ నచ్చదు. సింథటిక్ పెప్టైడ్ పొడిలో తేమ ఉంటుంది, శుద్ధి చేసినప్పుడు అంటుకున్న ట్రైఫ్లోరోఅసిటేట్ ఉంటుంది. త్రాసుకి అవన్నీ పెప్టైడే. 280 నానోమీటర్ల తరంగదైర్ఘ్యం దగ్గర కొలిస్తే ఆ గొడవ లేదు. ట్రిప్టోఫాన్ అనే అమైనో ఆమ్లం ఒక్కోదానికి మోలార్ శోషణ గుణకం (ఒక మోలార్ గాఢతలో ఎంత కాంతిని పీల్చుకుంటుందన్న అంకె) 5500, టైరోసిన్ అనే దానికి 1490, డైసల్ఫైడ్ బంధానికి 125 అని తీసుకుంటే చాలు. ట్రిప్టోఫాన్ ఒకటి, టైరోసిన్ ఒకటి ఉన్న పెప్టైడ్‌కి మొత్తం 6990. రీడింగ్ 0.70 వస్తే దాన్ని 6990తో భాగించాలి, గాఢత 100 మైక్రోమోలార్, అంతే.

ఆ రెండూ లేని పెప్టైడ్ వచ్చినప్పుడే అసలు టెన్షన్. ఫినైల్ అలనిన్ 257 దగ్గర కాస్త పీల్చుకుంటుంది కానీ దాని గుణకం 200 చుట్టుపక్కలే, లెక్కకు ఆనదు. అప్పుడు అమైనో ఆమ్లాలను కలిపే పెప్టైడ్ బంధాన్నే నమ్ముకుని 205 నానోమీటర్లకి దిగాలి. అక్కడ మిల్లీలీటరుకి ఒక మిల్లీగ్రాము ద్రావణానికి అబ్జార్బెన్స్ (శోషణ రీడింగ్) 31 దాకా ఉంటుంది. అంటే బాగా పలచన చేయాల్సిందే, 0.02 మిల్లీగ్రాములకే 0.6 వచ్చేస్తుంది. నమూనా కొంచెమే ఉన్నవాళ్లకి ఇది వరమే.

కానీ ఆ మూలకి వెళ్తే యంత్రం కన్నా బఫరే (పెప్టైడ్‌ని కరిగించే, పీహెచ్‌ని నిలకడగా ఉంచే ద్రావణం) ఎక్కువ మాట్లాడుతుంది. బఫర్లలో వాడే ట్రిస్, ఇమిడజోల్, డీటీటీ, అసిటేట్ అన్నీ అక్కడ కాంతిని మింగేసేవే. 200 కిందకి వెళ్తే మామూలు ఉప్పులోని క్లోరైడ్ కూడా అడ్డమే. నేను పలచటి ఫాస్ఫేట్ వాడతాను, ఉప్పు తప్పనిసరైతే సోడియం ఫ్లోరైడ్. బ్లాంక్‌కి (పెప్టైడ్ లేకుండా పోల్చి చూసే క్యూవెట్‌కి) కూడా అదే సీసాలోని బఫర్ పోస్తాను, అదే ఫార్ములాతో కలిపిన ఇంకో సీసాది కాదు. బ్లాంక్‌ని గాలికి ఎదురుగా ఒకసారి స్కాన్ చేసి, 205 దగ్గర అదే ఎత్తుగా కనిపిస్తే ఇక నమూనా పెట్టను.

ప్రవర్తన చూడటానికి నాకు బాగా నచ్చిన ప్రయోగం టైరోసిన్ టైట్రేషన్. పీహెచ్ పెంచుకుంటూ పోతే 275 దగ్గరి గుట్ట కుడివైపుకి జరిగి 295 వైపు కొత్త గుట్ట లేస్తుంది. మామూలు పెప్టైడ్‌లో పీహెచ్ 10 దగ్గర సగం పని అయిపోతుంది. ఇంకా పైకి వెళ్తే గానీ కదలకపోతే, ఆ హైడ్రాక్సిల్ ఎక్కడో దాక్కుందనో, హైడ్రోజన్ బంధంలో ఇరుక్కుందనో అనుమానించవచ్చు. గీతలన్నీ ఒకే బిందువు దగ్గర కలిసి వెళ్తుంటే చూడముచ్చటగా ఉంటుంది. అలా కాక ఆ బిందువు చెదిరిపోతుంటే లోపల ఇంకేదో జరుగుతోందన్నమాట.

గడ్డకట్టడాన్ని కూడా ఇదే పట్టిస్తుంది. 320 దాటాక పెప్టైడ్‌కి పీల్చుకునే పనేమీ లేదు. అక్కడ కూడా రీడింగ్ సున్నాకి దిగకుండా తోకలా వేలాడుతుంటే అది శోషణ కాదు, కణాలు కాంతిని చెదరగొట్టడం. సెంట్రిఫ్యూజ్ చేసి పైతేటని మళ్లీ చదివితే తోక తగ్గుతుంది. దాంతోపాటు 280 రీడింగ్ కూడా పడిపోతే, పోయింది ఎంతో లెక్క తెలుస్తుంది. రోజుల తరబడి ఫ్రిజ్‌లో ఉంచిన ద్రావణాలకి నేను 350 రీడింగ్ చూడకుండా 280ని నమ్మను.

ఇక ఆకారం. పెప్టైడ్ చుట్టలు తిరిగి హెలిక్స్ అయితే 190 దగ్గర శోషణ తగ్గుతుంది, 205 ప్రాంతంలో ఒక భుజం కనిపిస్తుంది. రోజెన్‌హెక్, డోటీ అనే శాస్త్రవేత్తలు 1961లోనే పాలీలైసిన్ లాంటి వాటిలో దీన్ని చూపించారు. సూత్రం నిజమే, నా దైనందిన పనిలో మాత్రం ఆ భుజం మీద తీర్పు చెప్పేంత ధైర్యం ఎప్పుడూ రాలేదు. నమూనా గాఢత ఇంచుక అటూ ఇటూ అయినా అలాంటి తేడానే వస్తుంది. పైగా 195 కింద గాలిలోని ఆక్సిజనే కాంతిని తినేస్తుంది, నైట్రోజన్ పంపాల్సి వస్తుంది. హెలిక్స్ ఎంత శాతం అన్న ప్రశ్న ఉంటే పెప్టైడ్ ఆకారాన్ని వృత్త ధ్రువణ కాంతితో అంచనా వేసే డైక్రోయిజం (సీడీ) యంత్రం దగ్గర స్లాట్ బుక్ చేసుకోవడమే మేలు. అక్కడికి వెళ్లాక కూడా గాఢత ఎంతని అడుగుతారు, ఆ జవాబు దీని దగ్గరి నుంచే తీసుకెళ్లాలి.

యంత్రం మీద నాకున్న ఫిర్యాదు ఒకటే, దారితప్పిన కాంతి, అంటే ఎంచుకున్న తరంగదైర్ఘ్యం కాకుండా డిటెక్టర్‌కి చేరే కాంతి. దీపం పాతబడేకొద్దీ చిన్న తరంగదైర్ఘ్యాల దగ్గర రీడింగ్ నిజం కన్నా తక్కువ చూపిస్తుంది, తెర మీద మాత్రం అంతా బాగున్నట్టే ఉంటుంది. నమూనాని సగానికి పలచన చేసి చూడండి, రీడింగ్ కూడా సగం కాకపోతే అనుమానించాలి. లీటరుకి 12 గ్రాముల పొటాషియం క్లోరైడ్ కలిపి 198 దగ్గర చదివితే 2 దాటాలి. దాటకపోతే 205తో లెక్కలు ఆపి, ముందు దీపం మార్పించండి.